నాలుగు మూలల పసుపు

పోయిన వారం గోవిందమ్మను మార్కాపురంలో పలకల కొట్టం ముందు, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టేసి వచ్చాం. ఐదు నెలలు ఎదురుచూసిన ఉత్తరం కొంగు ముడిలోనే ఉంది, విప్పడానికి చేతులు రావడం లేదు. పాపం, వారం రోజులు నిలబడిన పిల్లను ఇంక లోపలికి పిలుద్దాం.

కొత్తగా చదివేవాళ్ళకు నాలుగు ముక్కలు. గోవిందమ్మది వాగొడ్డుపల్లె, గొర్రెల మంద ఉన్న ఇల్లు. తండ్రి పోయాడు, తల్లి పోలమ్మ ఉంది. రెండేళ్ళ కిందట యుద్ధం కోసమని ఒక కంట్రాక్టరు ఊళ్ళ వెంట గొంగళ్ళు కొన్నప్పుడు గోవిందమ్మ ఉన్ని వడికి అంచు కుట్టిన గొంగడి కూడా ఆ మూటల్లో పోయింది. పోయేముందు ఆమె మేనమామ అంకన్న ఊరుకున్నాడా? అరచేతిలో పట్టేంత పలక ముక్క మీద మేకుతో గీకి, అంచు మడతలో పెట్టి కుట్టేశాడు. "ఈ గొంగడి వడికిన పిల్ల గోవిందమ్మ. ఊరు వాగొడ్డుపల్లె, యర్రగొండపాలెం టపా. జాబు రాయనోడు గాడిద."

ఆ గొంగడి చేతులు మారి, సముద్రం దాటి, బస్రా దిక్కున ఇసుకలో రోడ్లు వేసే పటాలానికి చేరింది. అక్కడ గిద్దలూరు వైపు కుర్రవాడు, గురుస్వామి, గాడిద అనిపించుకోవడం ఇష్టం లేక జాబు రాశాడు. అదీ మొదలు. రెండేళ్ళలో పద్నాలుగు ఉత్తరాలు నడిచాయి. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. ఆఖరి ఉత్తరంలో గురుస్వామి ఒక్క మాట అడిగాడు. "సెలవులో వస్తే మీ ఇంట్లో నాకు గొంగడి పరుస్తారా?" ఆ ఇళ్ళల్లో పిల్లనడగడానికి వచ్చినవాళ్ళకు గొంగడి పరిస్తే సరేనన్నట్టు. ఉత్త మంచం చూపిస్తే మజ్జిగ తాగి దారి పట్టమన్నట్టు. గోవిందమ్మ నాలుగు రోజులు ఆలోచించి "పరుస్తాను" అని రాసి, కవరు అంటించి, దసరా ముందు మామ చేతికిచ్చింది. ఆ తర్వాత అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు వచ్చింది.

కొట్టంలో అంకన్న పని మీద ఉన్నాడు. ఇసుకతో రుద్ది కడిగిన పలకలు దొంతరగా పక్కన ఉన్నాయి. ఒక్కొక్కటి తీసి గోటితో కొడతాడు. టంగుమంటే మంచిది, బొద్దుమంటే లోపల పగులు. ఆ తర్వాత దాన్ని ఎండకు అడ్డంగా పట్టి ఒక కన్ను మూస్తాడు. నేరుగా చూస్తే కనపడని గీత అడ్డెండలో దొరికిపోతుంది. మూడో తరగతితో బడి మానేసిన అంకన్నకు ముప్పై ఏళ్ళుగా ఇదే చదువు. గోవిందమ్మకు అక్షరాలు దిద్దించింది కూడా ఆయనే, అమ్ముడుపోని పగులు పలకల మీద.

"ఏం కోడలా, ఎండలో నిలబడి నల్లబడితే పటాలం పిల్లోడు గుర్తుపట్టడు."

"ఆయన నన్ను ఎప్పుడు చూసినాడు మామా, గుర్తుపట్టేదానికి?" అంటూ గోవిందమ్మ కొంగు ముడి విప్పి ఉత్తరం ముందుకు చాపింది. "నువ్వు చదువు. నాకు చేతులు ఆడటం లేదు."

"నేనా? నా చదువు మూడో తరగతి. ప్రేమ ఉత్తరాలు ఐదో తరగతిలో కదా చెప్పేది!"

"చదువు మామా."

అంకన్న పంచెకు చేతులు తుడుచుకున్నాడు. అటూ ఇటూ చూసి, గొంతు సవరించి, పురాణం మొదలుపెట్టే పంతులులాగా తలపాగా సర్దుకున్నాడు. గోవిందమ్మకు నవ్వొచ్చింది. మళ్ళీ నవ్వొచ్చేసరికి పొద్దు వాలుతుందని ఇద్దరికీ తెలియదు.

"చి... చిరంజీవి, సౌభాగ్యవతి గోవిందమ్మ గారికి గురుస్వామి రాయునది." అంకన్న ఆగి ఉత్తరాన్ని దూరంగా పట్టుకున్నాడు. "ఇదేందిరా నాయనా! పోయినసారి దాకా ఉత్త గోవిందమ్మవే కదా. గారు ఎప్పుడు తగులుకునింది?"

గోవిందమ్మ ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు, మీ అమ్మ, మీ ఆయన గారు..." అంకన్న నోరు అక్కడ ఆగింది గానీ కళ్ళు ఆగలేదు. అవి కింది వరసలోకి దిగాయి. దిగి, అక్కడే మేకు కొట్టినట్టు నిలబడిపోయాయి. ఆ వరసలో ఒక మాట ఉంది. అది గోవిందమ్మ కంట పడకుండా అంకన్న బొటనవేలు దాని మీద పెట్టాడు.

"మీ ఆయన గారా? ఏ ఆయన?" అంది గోవిందమ్మ.

"ఏదో... మర్యాదకు రాసుంటాడులే," అంటూ అంకన్న వేలు చరచరా కిందికి జరిపాడు. "ఆఁ, ఇక్కడ చూడు. నా సెలవు వంతు నతానియేలుకు ఇచ్చినాను..."

"మామా, రెండు వరసలు దాటినావు."

"యాడ దాటినాను?"

"అక్షరాలు నేర్పింది నువ్వే కదా. వేలు పెట్టి చదవమని, వేలు ఎత్తొద్దని కొట్టింది కూడా నువ్వే. ఎందుకు ఎత్తినావు?"

అంకన్న చిన్నప్పటి నుంచి ఎన్ని పరాచికాలు ఆడినా ఏదో ఒక సందులోంచి తప్పించుకున్న మనిషి. చెప్పుల్లో చింతగింజలు పోసినా, పెళ్ళివారి బండికి ఎద్దులను తిరగేసి కట్టినా, ఊరంతా తిట్టి ఊరంతా నవ్వేది. ఇప్పుడు సందు దొరకలేదు. వేలు వెనక్కి తెచ్చి, దాటిన వరస మీద పెట్టి, మెల్లగా చదివాడు.

"మీ ఉత్తరం ముట్టింది. కవరు నాలుగు మూలలా పసుపు చూసినాను. చూసినాక విప్పలేకపోయినాను. తప్పుగా అనుకోవద్దు. మీ పెళ్ళి కబురు చదివేంత మనసు నాకు ఇంకా రాలేదు. పెట్టె అడుగున దాచినాను. ఎప్పుడన్నా ముసలితనంలో విప్పి చదువుకుంటాను."

పక్క కొట్టంలో రాయి చీల్చే ఉలి చప్పుడు ఒకటే వినిపిస్తోంది.

"ఇంకా చదువు," అంది గోవిందమ్మ.

"నా సెలవు వంతు నతానియేలుకు ఇచ్చినాను. ఆయన మా డేరా మనిషే, బిడ్డ పుట్టబోతుంది. నాకు ఊర్లో పనేముంది? మీ గొంగడి ఆయన చేత పంపుతున్నాను. ఇంకొకరి ఇల్లాలు వడికింది నేను కప్పుకుంటే మర్యాద కాదు. రెండు చలికాలాలు అది నన్ను కాచింది. నతానియేలు ఇల్లు మార్కాపురం టేషను దగ్గర పాలెంలో. ఇంక జాబులు రాయను." అంకన్న వేలు ఆఖరి వరస మీదికి వచ్చింది. "నేను... నేను గాడిదను కాదని మీ మామకు చెప్పండి."

గోవిందమ్మ ఉత్తరం తీసుకుని మడతల మీదే మడిచింది. కేకలు వేస్తుందేమోనని అంకన్న చూశాడు. కేకలేస్తే బాగుండేది. కేకలకు ఏం చేయాలో ఆయనకు తెలుసు.

"పసుపు ఎవరు పూసినారు?"

"టపా సంచిలో ఎవరిదో పసుపు పొట్లం పగిలి..."

"నాలుగు మూలలకూ సమానంగా పగిలిందా?"

అంకన్న తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేనే అమ్మా."

"ఎందుకు?"

"నవ్వులాటకు కాదు. నీ మీద ఒట్టు... అంటే, సగం నవ్వులాటకే. ఆ రోజు సంతలో మీ అత్త తెమ్మన్న పసుపు పొట్లం చేతిలో ఉండింది. కవరు నువ్వు ఇచ్చేటప్పుడు నీ ముఖం చూసినాను కదా. లోపల ఏం రాసినావో విప్పకుండానే తెలిసిపోయింది. శుభం మాట ఉత్తి కవరులో పోతుందే, మా కోడలికి ఎవరున్నారు పసుపు పెట్టేదానికి, నేనే పెడదాం అనుకున్నాను. పిల్లోడు చూసి, ఓహో పెళ్ళి మాట, అనుకుంటాడులే అనుకున్నాను."

"అనుకున్నాడు కదా."

"పెళ్ళి ఎవరితోనో పసుపు చెప్పదని నాకు తోచలేదమ్మా."

చెప్పదు మరి. ఈ ప్రాంతంలో మూలలకు పసుపు పూసిన ఉత్తరం ఇంటికొచ్చిందంటే, ఎక్కడో ఒక పెళ్ళి ఖాయమైపోయిందని, లగ్నం పెట్టేశారని. చదవకపోయినా సంగతి తెలిసిపోయినట్టే. గిద్దలూరు వైపు పుట్టినవాడికి ఆ సంగతి ఒకరు చెప్పాలా? అదే ఆ పటాలంలోని ఏ అరవవాడికో పంజాబువాడికో ఆ కవరు వచ్చుంటే, ఇదేదో మరక అని తుడిచేసి, విప్పి చదువుకునేవాడు. మనవాడు కాబట్టి విప్పలేదు.

"నువ్వు నవ్వించినప్పుడల్లా నవ్వినాను మామా," అంది గోవిందమ్మ. "పలక ముక్క పెట్టినావని తెలిసిన రోజు కూడా ముందు ఏడ్చి తర్వాత నవ్వినాను. ఇది మాత్రం నవ్వేది కాదు. పందొమ్మిదేళ్ళకు ఒక్కసారి సరే అన్నాను. ఆ సరే ఎవరికీ వినపడకుండా పెట్టె అడుగున పడి ఉంది."

అంకన్న చేతిలో ఉన్న పలకతో నెత్తి మీద కొట్టుకోబోయాడు. ఆమె పలక లాక్కుని దొంతర మీద పెట్టింది.

"పగిలితే పలక నష్టం. బండి కట్టు."

"యాడికి?"

"నతానియేలు అన్న దగ్గరికి. ఆయన మళ్ళీ పటాలానికి పోతాడు కదా. నా మాట ఆయన నోటితో పంపిస్తా. కవర్లూ వద్దు, పసుపులూ వద్దు."

"అంతదాకా ఎందుకు? తంతి కొడదాం! రెండు రోజుల్లో ముడుతుంది."

"పసుపు చూసి కవరే విప్పనోడు తంతి చూసి ఏమైపోతాడు? మీ ఇంటికి తంతి వస్తే ఏం చేస్తారు?"

"చదవకముందే శోకాలు పెడతాం," అని ఒప్పుకుని అంకన్న ఎద్దులను తోలుకు రావడానికి లేచాడు.

దారి పొడవునా ఆయన మూడుసార్లు నవ్వించాలని చూశాడు. మొదటిసారి ఎద్దును గురుస్వామీ అని పిలిచాడు. రెండోసారి టేషనులో ఆగి ఉన్న రైలింజనుకు దండం పెట్టాడు. మూడోసారి నోరు తెరిచి, మూసుకున్నాడు. బండి వెనక కూర్చున్న పిల్ల చూపు దారి మీద లేదు. వేల మైళ్ళ అవతల, ఒక ఇనప పెట్టె అడుగున ఉంది.

పాలెంలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో తాడు మీద బాలింతరాలి గుడ్డల పక్కన ఖాకీ నిక్కరు ఆరేసి ఉంది. నతానియేలు పొడుగాటి మనిషి, ఎండకు కమిలిన ముఖం. పది రోజుల బిడ్డను రెండు చేతుల మీదా పట్టుకుని, తుపాకీ పట్టుకున్నంత బిగుసుకుపోయి నిలబడ్డాడు.

"ఇట్ల కాదయ్యా, తల కింద చెయ్యి పెట్టు," అంటోంది గడపలో నుంచి భార్య సువార్తమ్మ.

"అన్నా, నేను వాగొడ్డుపల్లె గోవిందమ్మను," అంది గోవిందమ్మ.

నతానియేలు మొదట ఆమె ముఖం చూడలేదు, కాళ్ళ వైపు చూశాడు. మెట్టెలు లేని వేళ్ళు చూసి, బిడ్డను సువార్తమ్మకు అందించేశాడు.

"నీకు పెళ్ళి కాలేదామ్మా?"

"కాలేదన్నా. అది మా మామ పూసిన పసుపు."

నతానియేలు అంకన్న వైపు తిరిగాడు. పటాలంలో పెద్దపెద్ద ఆఫీసర్లను చూసినవాడు. ఆ చూపుకు అంకన్న తలపాగా మళ్ళీ తీశాడు.

"ఆ పలక ముక్క మామవు నువ్వేనా అన్నా? మా డేరాలో నీ పేరు తెలియనోడు లేడు."

"మంచిగా తెలుసా?"

"నిన్నటి దాకా మంచిగానే తెలుసు." నతానియేలు వాళ్ళను అరుగు మీద కూర్చోమన్నాడు. "వచ్చి నాలుగు రోజులైంది. మీ గొంగడి తెచ్చి ఇవ్వాలని రోజూ అనుకుంటాను. కొత్తగా పెళ్ళైన పిల్ల ఇంటికి పటాలం మనిషి గొంగడి తీసుకొని పోతే, అత్తింటోళ్ళు ఏమనుకుంటారోనని కాళ్ళు ఆడలేదు."

"ఆయన ఎట్లున్నాడు అన్నా?"

నతానియేలు లేచాడు. లోపలికి వెళ్ళి, తాడుతో కట్టిన గొంగడి మడత తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తర్వాత చెప్పాడు.

"నేను బయలుదేరే పొద్దున గొంగడి తెచ్చి నా చేతిలో పెట్టినాడమ్మా. మనిషి ముఖంలో నెత్తురు లేదు. నాకు ఉండబట్టలేదు. ఆ ఉత్తరం ఇంకా విప్పలేదా గురుస్వామీ అని అడిగినా. లేదన్నాడు. ఒక ఆడపిల్ల కూర్చొని రాసిన మాటను నోరు నొక్కి పెట్టెలో పెట్టినావు, అది నీకు న్యాయమా, పెళ్ళైతే అయింది, ఆశీర్వాదమన్నా చదువుకో అన్నా. కాసేపు నిలబడి, డేరాలోకి పోయినాడు."

గోవిందమ్మ చేతులు గొంగడి తాడు మీదే ఆగిపోయాయి.

"అప్పుడే లారీ కదిలింది. నేను ఎక్కి కూర్చున్నా. వెనక నుంచి పరుగు. చూస్తే ఆయనే! ఒక చేతిలో విప్పిన ఉత్తరం, ఒక చేతిలో ఇంకేందో. ఏడుస్తా ఉన్నాడో నవ్వుతా ఉన్నాడో, ఆ దుమ్ములో నాకు తెలీలేదు. చేతిలోది లారీలోకి విసిరినాడు. పట్టుకున్నా. గొంగడి మడతలో పెట్టి కట్టేసినా."

"చదివినాడా?" అంది గోవిందమ్మ. ఆ ఒక్క మాటే, ఊపిరంత చిన్నగా.

"చదివినాడమ్మా."

ఆమె తాడు విప్పింది. గొంగడి మడతల్లో నుంచి సన్నటి ఇసుక జారి అరుగు మీద పడింది. ఆ ఇసుకలోనే పడింది పలక ముక్క. ఒక వైపు మేకుతో గీకిన పాత గీతలు, అంకన్న వంకర అక్షరాలు, ఆ గాడిద, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమె రెండో వైపు తిప్పింది.

నల్లగా, నున్నగా ఉంది. ఏమీ లేదు.

"ఇక్కడ రాసినాడమ్మా! బలపంతో రాసినాడు, నేను చూసినా," అన్నాడు నతానియేలు కంగారుగా. "కాగితానికి టయిము యాడుంది? ఒకరి మాట నాకెందుకని నేను చదవలేదు. నెల రోజులు ఓడలో, రైల్లో..." ఆయన గొంగడి వైపు చూసి నుదురు కొట్టుకున్నాడు. గొర్రె ఉన్నికంటే బాగా పలక తుడిచేది ఇంకేముంది? నెల రోజులు అది మడతలో ఒరుసుకుంటూనే వచ్చింది.

గోవిందమ్మ పలకను ఒళ్ళో పెట్టుకుని, అట్లాగే కూర్చుండిపోయింది. గురుస్వామి రాసిన మాటను ఆమె వడికిన ఉన్నే తుడిచేసింది. ఇందులో తిట్టడానికి మామ కూడా దొరకడు.

"ఇటియ్యి," అన్నాడు అంకన్న.

"ఇంకేం చేస్తావు మామా?"

"ఇటియ్యమ్మా. ముప్పై ఏళ్ళుగా నేను చేసే పని ఇదొక్కటే. పలక మీద గీత పడినాక పోదు. కనపడకుండా పోతుంది, అంతే."

పొద్దు పడమటికి వాలింది. ఎండ నేల మీద పొడుగ్గా పాకుతోంది. అంకన్న అరుగు దిగి, పలకను పంచె అంచుతో కూడా తాకకుండా వేళ్ళ కొసలతో అంచులు పట్టి, ఎండకు అడ్డంగా ఎత్తాడు. ఒక కన్ను మూశాడు. కొంచెం వంచాడు. ఇంకొంచెం వంచాడు. నోటి ఆవిరి ఒకసారి మెల్లగా ఊదాడు.

"బలపం గట్టిగా నొక్కినాడు మీవోడు. తొందరలో ఉన్నోడు అట్లనే నొక్కుతాడు," అని గొణిగాడు. "రా. నా భుజం పక్క నుంచి చూడు. చదివేది నువ్వే. నేను వరసలు దాటుతానుగా."

గోవిందమ్మ ఆయన భుజానికి తల ఆనించి చూసింది. నల్లటి పలక మీద, వెంట్రుకంత తేడాతో, తెల్లటి నీడల్లాంటి గీతలు. ఒకటి గుండ్రంగా తిరిగింది. ఇంకొకటి తలకట్టు పెట్టుకుంది. వేలు గాలిలోనే పెట్టి, ఎత్తకుండా, చదివింది.

"చదివినాను. గొంగడి పరిచి పెట్టు. ఉగాదికి వస్తాను." అక్కడ ఆగింది. కింద ఇంకొక్క మాట ఉంది, చేవ్రాలు ఉండాల్సిన చోట. అది చదవగానే ఆమె కళ్ళల్లో నీళ్ళు, నోట్లో నవ్వు ఒక్కసారే వచ్చాయి. "గాడిద అని రాసుకున్నాడు మామా. ఇట్లు, గాడిద."

అంకన్న పలకను పదిలంగా అరుగు మీద పెట్టాడు. గడపలో సువార్తమ్మ బిడ్డను ఎత్తుకుని నవ్వుతోంది. గోవిందమ్మ గొంగడిని రెండు చేతులా ఎత్తి దులిపింది. ఇసుక రాలింది. మళ్ళీ దులిపింది. అంచు కుట్టు ఎక్కడ తెగిందో చూసుకుంటూ, వేళ్ళతో ఉగాదికి రోజులు లెక్కపెట్టుకుంటోంది.

నతానియేలు మాత్రం నవ్వలేదు. అంకన్న మోచెయ్యి పట్టుకుని, బండి చాటుకు తీసుకెళ్ళాడు.

"అన్నా, ఆయన సెలవు నా దగ్గరుంది. మా పటాలంలో ఇంకో వంతు ఎండాకాలం దాటినాకే. ఉగాదికి ఎట్ల వస్తాడు?"

"ఆఫీసరును అడిగుంటాడు."

"అడిగితే ఇయ్యరు. ఇంకో సంగతి. లారీ మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూసినా. ఆఫీసరు డేరా కుడి పక్కన. ఆయన ఎడమ పక్కకు పరిగెత్తుతా ఉన్నాడు. ఎడమ పక్కన ఉండేది రేవు, ఓడలు." నతానియేలు గొంతు తగ్గించాడు. "సెలవు చీటీ లేకుండా పటాలం దాటినోణ్ణి పట్టుకుంటే ఏం చేస్తారో నీకు తెలీదన్నా. నాకు తెలుసు."

"మామా!" అరుగు మీద నుంచి గోవిందమ్మ కేకేసింది. గొంగడి భుజాన వేసుకుంది. ముఖం నిండా పడమటి ఎండ. "ఉగాది ఇంకెన్ని రోజులు? నాకు పదకొండు వచ్చింది. సరేనా?"

అంకన్న బండి చాటు నుంచి వచ్చాడు.

"పదకొండేనమ్మా," అన్నాడు.

అంతే అన్నాడు. దాని వెనక ఎద్దు మీద, ఇంజను మీద, గాడిద మీద ఒక్క పరాచికమైనా అతికించలేదు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మామ ఉత్తి మాట ఒకటి మాట్లాడటం గోవిందమ్మ అదే వినడం.

ఆమె భుజం మీది గొంగడి మెల్లగా దించి, ఆయన ముఖంలోకి చూసింది.

"ఏంది మామా, ఈసారి ఏ వరస దాటినావు?"